ఎక్స్-రే జంట తారల మెరుపులనూ మౌనాన్నీ నమోదు చేయడం ఎలా?

మైపాడు దారిలో సాయంత్రం పూట టెలిస్కోపు నిలబెడితే అటుగా వెళ్లేవారు ఆగి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "రాకెట్ ఎన్నింటికన్నా?" శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లను మిద్దెలెక్కి చూడటం అలవాటైన మన నెల్లూరు వారికి ఆకాశం వైపు తిప్పిన గొట్టం ఇంకో పనికి కూడా వస్తుందని తోచకపోవడంలో తప్పేమీ లేదు. నిజానికి ఆ ప్రశ్న మన విషయానికి దూరమైనది కూడా కాదు. 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న వెళ్లిన ఎక్స్‌పోశాట్ అక్కడి నుంచే బయలుదేరాయి; ఆ రెండూ శ్రద్ధగా చూసే వాటిలో ఎక్స్-రే జంట తారలు ముఖ్యమైనవి. ఆ తారల్లో కొన్నింటిని మన పెరట్లో నుంచి, ఒక మోస్తరు పరికరంతో, నెలల తరబడి ఎలా పరిశీలించాలో, ముఖ్యంగా ఏమీ జరగని రాత్రులను ఎలా రాసుకోవాలో ఇక్కడ చెబుతాను.

ముందుగా మీరు చూడబోయేది ఏమిటో తెలుసుకోండి. ఈ జంటలో ఒకటి మామూలు నక్షత్రం, రెండోది న్యూట్రాన్ నక్షత్రమో కృష్ణబిలమో అయి ఉంటుంది. చాలా జంటల్లో మామూలు నక్షత్రం నుంచి జారిన వాయువు నేరుగా రెండోదానిలో పడిపోకుండా దాని చుట్టూ సుడి తిరుగుతూ పళ్లెంలా పరుచుకుంటుంది. ఆ పళ్లెం లోపలి అంచు కోటి డిగ్రీల స్థాయికి వేడెక్కి ఎక్స్-కిరణాలను వెదజల్లుతుంది. కొన్ని జంటల్లో ఈ పళ్లెం ఏళ్లకేళ్లు చల్లగా పడి ఉండి వాయువును కూడబెట్టుకుంటూ, ఏదో ఒకనాడు అందులోని హైడ్రోజన్ అయనీకరణం చెందేటంతగా, అంటే సుమారు పదివేల డిగ్రీల వరకు వేడెక్కగానే, లోపలి ఒరిపిడి అమాంతం పెరిగి, కూడబెట్టినదంతా కొన్ని వారాల్లో లోపలికి ఒంపేస్తుంది. దీనిని ప్రజ్వలనం అందాము. దానికి ముందూ వెనకా నడిచేది ప్రశాంత దశ, అదే మౌనం. ఇవి కాక, నిమిషాల నుంచి గంటల దాకా ఉండి పోయే చిన్న పెరుగుదలలను మెరుపులు అందాము. ప్రజ్వలనాన్నీ మెరుపునూ ఒకే మాటతో రాస్తే ఆరు నెలల తరువాత మీ పుస్తకం మీకే అర్థం కాదు. మొదటి రోజు నుంచే వేరు చేయండి.

ఎక్స్-కిరణాలను గాలి నేల దాకా రానివ్వదు. కాబట్టి మీకు రెండు కిటికీలు ఉంటాయి: ఉపగ్రహాలు గీసి అందరికీ ఉచితంగా ఇచ్చే కాంతిరేఖ, అంటే కాలంతో పాటు వెలుగు ఎలా మారిందో చూపే గీత, ఒకటి, మీ టెలిస్కోపులో కనబడే మామూలు వెలుగు రెండోది. పళ్లెం స్వయంగా ఇచ్చే వెలుగుకు తోడు, ఎక్స్-కిరణాలు పడి వేడెక్కిన పళ్లెపు అంచులూ పక్క నక్షత్రపు ముఖమూ కూడా ఆ మామూలు వెలుగులో కలుస్తాయి. రెండు కిటికీలూ ఒకే ఇంటివే అయినా ఒకే దృశ్యాన్ని చూపవు. ఈ పనిలోని రుచి అంతా అక్కడే ఉంది.

తారను ఎంచుకోవడం

మీ దగ్గర బైనాక్యులర్ మాత్రమే ఉంటే ఎక్స్ పర్సీతో మొదలుపెట్టండి. కృత్తికలకు ఉత్తరంగా ఉండే జీటా పర్సీ నుంచి ఒక డిగ్రీ లోపు దక్షిణాన ఇది కనబడుతుంది. దీని మాగ్నిట్యూడ్, అంటే వెలుగును చెప్పే అంకె (అంకె పెరిగేకొద్దీ తార మసక), 6కు, 7కు మధ్య నెలల మీద మెల్లగా మారుతుంది. ఇందులోని న్యూట్రాన్ నక్షత్రం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 14 నిమిషాలు తీసుకుంటుంది. ఇటువంటి తారల్లో ఇది చాలా నింపాది. సంక్రాంతి నాటికి రాత్రి ఎనిమిదిన్నరకు దాదాపు నడినెత్తికి వస్తుంది కనుక మెడ నొప్పి తప్ప వేరే కష్టం ఉండదు.

ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉన్నవారికి నా సలహా స్కార్పియస్ ఎక్స్-1. సూర్యుణ్ణి మినహాయిస్తే ఆకాశంలో కనిపెట్టిన మొదటి ఎక్స్-రే తార ఇదే. 1962 జూన్ 18న రికార్డో జియకోనీ బృందం చంద్రుడి నుంచి ఎక్స్-కిరణాలు వస్తాయేమో చూద్దామని ఏరోబీ రాకెట్ పంపితే, అది గాలి పొర పైన ఉన్న కొద్ది నిమిషాల్లో చంద్రుణ్ణి వదిలి దీనిని పట్టుకుంది. అదీ రాకెట్ పనే. కాబట్టి మైపాడు దారిలో అడిగేవారికి ఇది చూపించి సమాధానం చెప్పవచ్చు. అనూరాధలోని మూడు తారల్లో ఉత్తరపు కొసన ఉన్నదాని నుంచి ఈశాన్యంగా ఐదున్నర డిగ్రీలు వెళ్లండి. చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు కన్నా అది కాస్త ఎక్కువ. అక్కడ వీ818 స్కార్పీ అనే పేరుతో, సాధారణంగా 12, 13 మాగ్నిట్యూడ్‌ల మధ్య ఒక చిన్న చుక్క ఉంటుంది. జంట ఒక చుట్టు తిరగడానికి 18.9 గంటలు పడుతుంది. ఇది ఎప్పుడూ వెలిగే రకం కాబట్టి పూర్తి మౌనం ఉండదు. అయినా తక్కువ స్థాయిలో కదలక ఉండే గంటలూ, నిమిషాల్లో ఎగసిపడే గంటలూ స్పష్టంగా వేరుగా కనబడతాయి.

సిగ్నస్ ఎక్స్-1ను అందరూ అడుగుతారు. తొమ్మిదో మాగ్నిట్యూడ్‌లో ఉంటుంది కనుక చిన్న టెలిస్కోపులోనే దొరుకుతుంది, కృష్ణబిలం ఉన్న చోటును చూశామన్న తృప్తి ఉంటుంది. అయితే కంటికి అందే వెలుగంతా పక్కనున్న భారీ నక్షత్రానిది. దాని మార్పు మీ కంటి అంచనాలోని పొరపాటు కన్నా చిన్నది. దీనిని ఉపగ్రహ రేఖలోనే పరిశీలించండి.

కెమెరా ఉన్నవారు నిద్రపోతున్న వాటిని కాపలా కాయవచ్చు. వీ404 సిగ్నీ 1938లో, 1989లో, 2015 జూన్‌లో లేచింది, అదే ఏడాది డిసెంబరులో మళ్లీ కదిలింది. వీ616 మోనోసెరోటిస్ 1917లో ఒకసారి, 1975 ఆగస్టులో ఒకసారి లేచి, మళ్లీ పడుకుంది. ఇవి నిద్రలో 18వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి కాబట్టి మీ ఫొటోలో కనబడవు. కనబడకపోవడమే మీరు నమోదు చేయవలసిన విషయం. దానికి మళ్లీ వస్తాను.

చోటూ కాలమూ

సముద్రం వైపు తూర్పు ఆకాశం చీకటిగా ఉంటుందని చాలామంది తీరానికి వెళతారు. ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాల్లోనూ, ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపునా రొయ్యల చెరువుల లైట్లూ, ఉప్పుగాలీ, చెమ్మా ఆ లాభాన్ని తినేస్తాయి. వీలైతే పడమటికి, ఉదయగిరి, పామూరు, కనిగిరి దిక్కుకు వెళ్లండి. ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్లు కాలే రోజుల్లో, చీమకుర్తి క్వారీల గాలివాటులో మాత్రం నిలబడకండి. చీమకుర్తిలో తవ్వే నల్లరాయికి బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టారు. ఆ రాయిలో చుక్కలు బాగానే కనబడతాయి గానీ దాని దుమ్ములో ఆకాశపు చుక్కలు కనబడవు.

మన కాలెండర్ ఈ తారలకు అంత అనుకూలం కాదు. ఎక్స్ పర్సీ రాత్రంతా కనబడే నవంబరు మనకు ఈశాన్య రుతుపవనాల నెల. స్కార్పియస్ ఎక్స్-1 మాత్రం రోహిణి కార్తెలో, నేల ఇంకా సెగలు కక్కుతుండగా, అర్ధరాత్రి వేళ అరవై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ముప్పై డిగ్రీల కంటే కిందికి దిగిన తారను కొలవకండి. పళ్లెపు వెలుగులో నీలం పాలు ఎక్కువ, పోలిక తారల్లో తరచుగా ఎరుపు పాలు ఎక్కువ. దిగంతం దగ్గరి గాలి నీలాన్ని ముందుగా మింగుతుంది కాబట్టి మీ తార నిజంగా తగ్గకుండానే తగ్గినట్లు కనబడుతుంది.

పగటి పని: ఉపగ్రహ రేఖ చదవడం

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో జపాన్ విభాగానికి బిగించిన మాక్సీ పరికరం 2009 నుంచి సుమారు 92 నిమిషాలకు ఒకసారి ఆకాశాన్ని చుట్టి చూస్తూ, 2 నుంచి 20 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల (ఇది ఎక్స్-కిరణాల శక్తిని కొలిచే ప్రమాణం) మధ్య వెలుగును లెక్కగడుతుంది. స్విఫ్ట్ ఉపగ్రహంలోని బాట్ పరికరం గీసిన రేఖలు 15 నుంచి 50 వరకు ఉన్న గట్టి, అంటే శక్తి ఎక్కువైన, ఎక్స్-కిరణాలవి. రోజుకొక సగటు చొప్పున రెండింటినీ దించుకోండి. ఏ అంకె పెద్దదో ఏది చిన్నదో తెలియాలంటే, అదే చోట దొరికే క్రాబ్ నెబ్యులా (పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మేఘం) రేఖను కూడా తెచ్చుకొని దానితో భాగించండి. అది దాదాపు నిలకడగా ఉంటుంది కనుక ఈ రంగంలో అందరూ దానినే తూకపు రాయిగా వాడతారు.

రెండు రేఖలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడటం తప్పనిసరి. సిగ్నస్ ఎక్స్-1 గట్టి కిరణాలు ఎక్కువగా ఉండే స్థితి నుంచి మెత్తని కిరణాలు ఎక్కువగా ఉండే స్థితికి మారినప్పుడు మాక్సీ రేఖ లేస్తుంది, బాట్ రేఖ పడుతుంది. ఒక్క బాట్‌నే చూసినవారు మౌనం అని రాసుకుంటారు, ఒక్క మాక్సీనే చూసినవారు ప్రజ్వలనం అని రాసుకుంటారు, రెండూ పొరపాటే.

హెర్క్యులిస్ ఎక్స్-1 ఇంకా గడుసుది. దాని ఎక్స్-రే రేఖ 35 రోజుల లయలో వెలిగి ఆరుతుంది. ఆరిన రోజుల్లో నిజంగా ఆరిందా అంటే, లేదు. ఒరిగి ఉన్న పళ్లెం మెల్లగా తిరుగుతూ మనకూ న్యూట్రాన్ నక్షత్రానికీ మధ్య అడ్డుగోడలా వస్తుంది, అంతే. ఆ సంగతి టెలిస్కోపులో తెలుస్తుంది: హెచ్‌జెడ్ హెర్క్యులిస్ అనే దాని పక్క నక్షత్రం, ఎక్స్-కిరణాలు పడే ముఖాన్ని మనవైపు తిప్పినప్పుడు 13 దగ్గరకు వచ్చి, చీకటి ముఖాన్ని తిప్పినప్పుడు దాదాపు 15కు తగ్గి, 1.7 రోజులకు ఒకసారి ఈ చుట్టు పూర్తి చేస్తూనే ఉంటుంది. ఉపగ్రహానికి దీపం కనబడకపోయినా గోడ మీద వెలుతురు కనబడుతోందన్నమాట. అందుచేత ఏ మౌనాన్నైనా రాసేటప్పుడు ఏ కిటికీలో మౌనమో పక్కనే రాయండి.

రేఖలో ఒక్క చుక్క పైకి లేస్తే సంబరపడకండి. దాని దోష గీత (కొలతలో ఎంత పొరపాటు ఉండవచ్చో చూపేది) ఎంత పొడవుందో, ఆ వారం సూర్యుడు తారకు దగ్గరగా ఉన్నాడో లేదో, పక్కన మరో బలమైన తార ఉందో చూడండి. నవంబరు చివర, డిసెంబరు మొదట సూర్యుడు వృశ్చికం వైపు ఉంటాడు కాబట్టి అప్పటి స్కార్పియస్ అంకెలను నేను లెక్కలోకి తీసుకోను. వృషభంలోని ఏ0535+26కు క్రాబ్ నెబ్యులా నాలుగైదు డిగ్రీల దూరంలోనే ఉంది. పొరుగింటి వెలుగు లోపలికి వచ్చిందేమో ముందుగా అనుమానించాలి. అదే తార 2020 నవంబరులో క్రాబ్‌ను పదింతలకు మించి వెలిగినప్పుడు అనుమానానికి చోటే లేకపోయింది, అది వేరే సంగతి.

రాత్రి పని: కంటి అంచనా

అమెరికా చర తారల పరిశీలకుల సంఘం, అంటే ఏఏవీఎస్‌ఓ, ఇచ్చే పటాన్ని ముద్రించుకోండి. అందులో పోలిక తారల పక్కన 121, 129 అని అంకెలు ఉంటాయి. అవి 12.1, 12.9 అన్నమాట, చుక్క పెడితే దానిని కూడా తార అనుకుంటారని దశాంశ బిందువు తీసేశారు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట ఆగి, మీ తార కన్నా కాస్త వెలుగైన పోలిక తార ఒకటి, కాస్త మసకైనది ఒకటి ఎంచుకోండి. మీ తార 121కీ 129కీ నడుమ, వెలుగైన దాని నుంచి పావు దూరంలో ఉందని తోస్తే, తేడా 0.8లో పావు 0.2, కాబట్టి అంచనా 12.3. నేరుగా చూపు నిలపకుండా కాస్త పక్కకు చూస్తే మసక తారలు మెరుగ్గా కనబడతాయి, కానీ మూడింటినీ ఒకే విధంగా చూడాలి. నిన్నటి అంకెను ఈ రాత్రి చూడకండి. ఉపగ్రహ రేఖనైతే పరిశీలనకు ముందు అసలు తెరవకండి. లేచిందని తెలిశాక కంటికి లేచినట్లే కనబడుతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక మే నెల రాత్రి చెరువు గట్టున కూర్చొని స్కార్పియస్ ఎక్స్-1ను పది నిమిషాలకొకసారి రాస్తున్నాను. నలభై నిమిషాల్లో అది అర మాగ్నిట్యూడ్ తగ్గింది. మెరుపు ముగిసి మౌనంలోకి దిగడాన్ని మొదటి నుంచి చివరి దాకా పట్టేశానని పొంగిపోయి, మళ్లీ ఒకసారి చూద్దామని పోలిక తారల వైపు తిరిగితే, 129 అసలు కనబడటమే లేదు. కటకం మీద చెమ్మ పేరుకుంది. అది చాలదన్నట్లు ఎదుటి చెరువులో ఏరియేటర్ల దగ్గర లైటు వేశారు, నా కళ్లు చీకటిని మరిచాయి. అసలు తప్పు చెమ్మదీ కాదు, లైటుదీ కాదు. పోలిక తారలను మొదట్లో ఒకసారి చూసి, తరువాతి అంచనాలన్నీ జ్ఞాపకంతో వేశాను. ప్రతి అంచనాకూ పోలిక తారలను కొత్తగా చూడాలని పుస్తకాల్లో ఉన్నదే, నాకు మాత్రం ఆ రాత్రి ఎక్కింది.

కాలాన్ని రాయడం

ఇక్కడ భారతీయులకు దక్కిన చిన్న సౌకర్యం ఒకటి ఉంది. ఖగోళ పరిశీలనల్లో తేదీకి బదులు రోజులను వరుసగా లెక్కపెట్టడానికి వాడే జూలియన్ దినం గ్రీనిచ్ మధ్యాహ్నం పన్నెండుకు మారుతుంది; అది మనకు సాయంత్రం 5:30. అంటే చీకటి పడినప్పటి నుంచి తెల్లవారే దాకా మన రాత్రి మొత్తం ఒకే దినసంఖ్యలో ఇమిడిపోతుంది. లెక్క చాలా తేలిక: మీ గడియారం నుంచి సాయంత్రం 5:30ను తీసేసి, మిగిలిన గంటలను 24తో భాగించండి. ఉదాహరణకు 2024 మే 10 రాత్రి 9:40 అయితే, గడిచినది 4 గంటల 10 నిమిషాలు, అంటే 0.174 దినం. ఆనాటి సాయంత్రం 5:30కి మొదలైన దినసంఖ్య 2460441 కనుక, మీరు రాయవలసినది 2460441.174. మాక్సీ రేఖలు వాడే సవరించిన దినసంఖ్య కావాలంటే దీని నుంచి 2400000.5 తీసేయండి, 60440.674 వస్తుంది. ఈ సవరించిన సంఖ్య మాత్రం మనకు తెల్లవారుజామున 5:30కి మారుతుందని మరవకండి.

పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంటే చాలు: 2460441.174, 12.6, పోలిక 121, 129, ఎత్తు సుమారు 30, చెమ్మ ఉంది, తూర్పున చెరువు లైటు. చివరి మాటలు చాదస్తంగా అనిపించవచ్చు గానీ, ఏడాది తరువాత ఆ 12.6ను నమ్మాలో వద్దో తేల్చేవి అవే.

కెమెరాతో పనిచేసేవారు

ఆకాశంతో పాటు తిరిగే మౌంటు మీద అర నిమిషం నుంచి నిమిషం దాకా ఫొటోలు తీసి, మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఆకుపచ్చ రంగు భాగాన్ని మాత్రమే కొలవండి. సాయంత్రం వెలుతురులో గొట్టం మూతికి ఉతికిన తెల్ల పంచె రెండు మడతలు కట్టి తీసిన ఫొటోలతో మూలల మసకను సరిచేయవచ్చు. పోలిక తారతో పాటు, మారదని తెలిసిన మరో తారను తనిఖీ తారగా కొలవడం ఎట్టి పరిస్థితిలోనూ మానకండి. మీ తార లేచినప్పుడు తనిఖీ తార కూడా లేస్తే లోపం మీ ఫొటోలోనే ఉంది.

మౌనాన్ని రాయడం

వీ404 సిగ్నీ ఫొటోలో కనబడలేదు. అప్పుడు "కనబడలేదు" అని రాస్తే చాలదు. ఆ ఫొటోలో కనబడిన అత్యంత మసక పోలిక తార ఏదో చూసి, అది 15.2 అయితే, "<15.2" అని రాయండి. ఆ గుర్తుకు అర్థం, తార అంతకన్నా మసకగా ఉందని. వెన్నెల రాత్రి అదే ఫొటో "<13.5" దగ్గర ఆగిపోవచ్చు, ఆ రెండు మౌనాలూ సమానం కావు. ఇలా పోగుపడిన వరుసల విలువ ప్రజ్వలనం వచ్చిన రోజున తెలుస్తుంది, ఎందుకంటే పళ్లెం బయటి అంచున మొదలైన వేడి లోపలికి చేరడానికి రోజులు పడుతుంది, మామూలు వెలుగు ఎక్స్-కిరణాల కన్నా ముందే లేస్తుంది. 2018 మార్చి 6న అసాస్-ఎస్‌ఎన్ టెలిస్కోపులు ఒక కొత్త చుక్కను మామూలు వెలుగులో పట్టుకున్నాయి. అదే తారను మాక్సీ 11న ఎక్స్-కిరణాల్లో చూసింది, అందుకే దానికి మాక్సీ జే1820+070 అని పేరు వచ్చింది. 2015లో వీ404 కూడా ఉపగ్రహాల గంట మోగడానికి సుమారు వారం ముందే మామూలు వెలుగులో లేవడం మొదలుపెట్టిందని తరువాత పాత ఫొటోలు వెతికిన వారికి తేలింది. అటువంటి వెతుకులాటలో ఎవరి పుస్తకంలో ఏ తేదీన "<15.2" ఉందో దానితోనే ప్రజ్వలనం ఆరంభాన్ని బిగిస్తారు.

మెరుపు అని ఎప్పుడు నమ్మాలి

ముందు మీ చెదురు ఎంతో తెలుసుకోండి. తనిఖీ తారను ఒక రాత్రంతా కొలిస్తే అంకెలు సగటు చుట్టూ ఎంత అటూ ఇటూ పోతున్నాయో అదే మీ చెదురు. మీ తార మార్పు దానికి మూడింతలు దాటాలి, కనీసం మూడు వరుస కొలతల్లో నిలవాలి, తనిఖీ తార కదలకుండా ఉండాలి. కంటి అంచనా వేసేవారు 0.3 కన్నా చిన్న మార్పును మెరుపుగా రాయవద్దని నా అభిప్రాయం. అనుమానం కలిగితే, దూరంగా ఉన్న మరో పరిశీలకుడికి ఫోన్ చేసి తార పేరు మాత్రం చెప్పండి, మీ అంకె చెప్పకండి. నేను నెల్లూరు నుంచి అడిగితే కనిగిరిలోని మిత్రుడు మబ్బు లేని రాత్రుల్లో పావుగంటలో తన అంకె చెబుతాడు. మా రెండు ఊళ్ల మీద ఒకే మబ్బు ఒకే నిమిషాన ఉండదు.

2015 జూన్‌లో వీ404 లేచినప్పుడు, నిద్రలో 18 దాటి ఉండే తార 12 దాకా వచ్చి, నిమిషాల్లోనూ గంటల్లోనూ లేచి పడింది. మరికో కిమురా బృందం 2016లో ప్రకటించిన పరిశోధన, ఔత్సాహికులు పంపిన కొలతలను కూడా కలుపుకొని, ఆ మెరుపులు వంద సెకన్ల నుంచి రెండున్నర గంటల దాకా ఉన్న లయల్లో పునరావృతమయ్యాయని చూపింది. ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు అవి అందేవే. అటువంటి రోజు మీకు వస్తే, పది నిమిషాలకొకసారి కాకుండా నిమిషానికొకసారి కొలవండి, పోలిక తారలను మార్చకండి, కొలతలను ఏఏవీఎస్‌ఓకు అదే రాత్రి పంపండి. మెరుపులు ఆగాక కూడా వదలకండి, తార మళ్లీ ఫొటోలో మాయమై, "<15.2" అని రాసే రాత్రి వచ్చేదాకా కొనసాగించండి. ఈలోపు వాయుగుండం పట్టి నాలుగు రాత్రులు పోతే ఆ నాలుగు తేదీలకూ "మబ్బు" అని రాయండి. గ్రాఫు గీసేటప్పుడు అటు చుక్కనూ ఇటు చుక్కనూ గీతతో కలపకండి.